అంటని తలకట్టు

నాకు ముక్కు మీద కోపం. చేవెళ్ల బజారులో కిరాణా కొట్టు నడిపే మా నాన్న భద్రయ్య ఎవరొచ్చినా నవ్వుతూ చెప్పే మాట ఒకటుంది: "మా స్వప్నిక కంటె దాని కోపం ముందుగాల పుట్టింది." 2007లో మాత్రం ఆ కోపం నూటికి నూరుపాళ్లు న్యాయమైనదని నేను నమ్మాను.

అప్పటికి గచ్చిబౌలిలో ఉద్యోగం మానేసి ఏడాదిన్నర. మా వయసు వాళ్లంతా మెడలో కంపెనీ బిళ్ల వేలాడేసుకుని పొద్దున్నే పట్నం బస్సెక్కుతుంటే, నేను కొట్టు పైగదిలో కూర్చుని తెలుగు అక్షరాలు గీసేదాన్ని. ఎక్కడా లేని కొత్త ఫాంటు ఒకటి తయారు చేయాలని పంతం. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు, అన్నీ కలిపి ఆరువందల పైచిలుకు బొమ్మలు. ఒక్క "క్ష్మి" కుదరడానికి పదకొండు రోజులు పట్టింది.

"ఒకటో తరగతిల నేర్వలేదా బిడ్డా? ఇప్పుడు దిద్దుతున్నవ్," అనేవాడు నాన్న. అక్కడితో ఆగితే బాగుండేది. "ఉగాది దాక సూస్త. ఒక్కడన్న కొంటే సరే. లేకుంటే మళ్ల నౌకరికి పోవాలె," అని గడువు కూడా పెట్టాడు.

ఉగాదికి ఇరవై రోజులుందనగా నా వెబ్‌సైటు తెరిచాను. పైన నా పేరు, కింద నా ఫాంటు. ఇంకేం లేదు, ఉండడానికి ఇంకేం చేశాను గనక. ఆ ఫాంటు గొప్పదనం గురించి ఒక పేరా రాసుకున్నాను: ఇందులో తలకట్టు అక్షరాన్ని అంటదు, వెంట్రుకవాసి ఎడంగా నిలబడి, కుడి కొస పైకి లేస్తుంది, ఈ పోకడ ఇంతకుముందు ఏ తెలుగు అక్షరంలోనూ లేదు, ఇది పూర్తిగా నా సొంతం. అలా రాసినప్పుడు నాలో అనుమానం లేశమైనా లేదు. అది రాసిన చెయ్యి ఇదే, అందుకే చెప్తున్నాను.

వారం తర్వాత చిల్కూరుకు పోతూ మొయినాబాద్‌లో ఆటో కోసం నిలబడ్డాను. రోడ్డు పక్క కొత్తగా సున్నం వేసిన గోడ. దాని మీద ఆకుపచ్చ రంగులో నా అక్షరాలు! "హరితవనం. మీ కలల ఫాంహౌస్. చిన్న మంగళారం." "కలల" అనే మాటలో క తలకట్టు ఎడంగా ఉంది. కొస పైకి లేచి ఉంది. నా ఒళ్లు మండిపోయింది. ఒక్కడు కొనలేదు గానీ, అప్పుడే దొంగిలించేశారన్నమాట.

చిల్కూరు సంగతి మర్చిపోయి, అదే ఆటోను చిన్న మంగళారం తిప్పించాను.

వెంచర్ ఆఫీసంటే రేకుల షెడ్డు. ముందు నాలుగు కార్లు, లోపల ప్లాట్లు చూడవచ్చిన పట్నపు దంపతులు. కుర్చీలో రాఘవేందర్. తాతల నాటి భూమి మీద తెల్లరాళ్లు పాతి అమ్ముతున్న మనిషి, ఊళ్లో రాజకీయం కూడా చూసుకునేవాడు. నేను కూర్చోలేదు.

"మీ గోడ మీద అక్షరాలు నావి. నన్నడగకుండ ఎట్ల వాడుకున్నరు? రేపటికల్ల చెరిపెయ్యాలె. లేకుంటే వకీల్ నోటీసు పంపుత," అన్నాను.

ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది. "అక్షరాలు నీవా? అ ఆ ఇ ఈలు నీవేనా చెల్లె? మరి మేమేం మాట్లాడాలె?"

పట్నపు దంపతులు నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఇంకా ఎక్కింది. ఏ రాత్రి ఏ ఒంపు గీశానో, ఏడాదిన్నర ఎట్లా గడిచిందో గుక్క తిప్పుకోకుండా చెప్పాను. రాఘవేందర్ గ్లాసు కింద పెట్టాడు.

"నాకేం తెల్వదు తల్లీ. ఎల్లేశ్ రాసిండు. ఇగో, ఎన్క గోడకు రాస్తున్నడు. ఎల్లేశా! ఓ ఎల్లేశా!"

వచ్చిన మనిషికి అరవై ఏళ్లుంటాయి. మోచేతుల దాకా పచ్చరంగు. చెవి మీద సన్నని కుంచె.

"ఈమె అక్షరాలు దొంగతనం జేసినవంట," అన్నాడు రాఘవేందర్, వేడుక చూసేవాడిలా.

ఎల్లేశ్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఎవరి అక్షరాలు?"

"నావి," అన్నాను. "ఎక్కడ జూసినవో ఒప్పుకో. నెట్‌లనా? ఎవడన్న ప్రింట్ తీసిచ్చిండా? ముసలోనివి, నీకిదేం బుద్ధి?"

ఆ మాట అన్నాను. తండ్రి వయసు మనిషిని, పదిమంది ముందు. అప్పుడు అనాలనిపించింది, అన్నాను.

ఆయన బయటికి పోయి, సైకిలుకు తగిలించిన గోనెసంచి తెచ్చి నా కాళ్ల ముందు కుమ్మరించాడు. నల్లటి ఎక్స్‌రే ఫిల్ములు. ఇరవయ్యో ముప్పయ్యో. ఒక్కోదానిలో బ్లేడుతో కోసిన అక్షరాలు. గోడ మీద ఫిల్ము పెట్టి పైన రంగు అద్దితే కింద అక్షరం పడుతుంది.

"నెట్ అంటే నాకు తెల్వదు. దవాఖానల పారేసిన ఫిలింలు తెచ్చుకుంట. కోసుకుంట. తలకట్టును అక్షరానికి అంటిచ్చి కోసిననుకో, ఆ సందు కాడ చినుగుతది. అందుకే జర ఇడిసిపెట్టి కోస్త. కొస మీదికి లేపకుంటే రంగు కిందికి కారుతది. నలభై ఏండ్ల సంది గిట్లనే."

నా సొంత పోకడ. నేను పేరా రాసుకున్న పోకడ. ఫిల్ము చినగకుండా ఒక పెయింటర్ పడ్డ తిప్పలు అవి.

"ఇవి నిన్న కోసినవి కావని ఏం రుజువు?" అన్నాను. గొంతు తగ్గింది గానీ పొగరు తగ్గలేదు.

ఆయన ఫిల్ముల్లో ఒకటి ఏరి, వెలుతురుకు ఎత్తి పట్టాడు. ఎవరివో పక్కటెముకలు. వాటి మధ్య కోసిన అక్షరాలు: "శ్రీ కన్యకాపరమేశ్వరి కిరాణం." మూలన తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో రోగి పేరు. భద్రయ్య, ముప్పై నాలుగేళ్లు. 14-3-1989.

అవి మా నాన్న పక్కటెముకలు. అది మా కొట్టు పేరు.

"చేవెళ్ల సేటు దుకాణానికి బోర్డు రాసిన. బస్తాల మీద, డబ్బాల మీద గూడ గదే పేరు కొట్టాలన్నడు. ఫిలిం లేదంటే సేటే తనది ఇచ్చిండు. దగ్గు తగ్గింది, ఇంక దీంతో పనేందన్నడు."

నాకు అప్పుడు ఆరేళ్లు. ఆ బోర్డు కింద, గల్లాపెట్టె పక్కన పలక పెట్టుకుని కూర్చునేదాన్ని. నాన్న ఆ బోర్డు చూపించే నాకు క అంటే ఏమిటో నేర్పాడు. తర్వాత ఎప్పుడో బోర్డు పోయి ప్లాస్టిక్‌ది వచ్చింది. నేను మర్చిపోయాను. నా చెయ్యి మర్చిపోలేదు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, ఆయన బతుకుతెరువు మీదికి ఆటో కట్టించుకుని మరీ వచ్చాను.

"నేను ఆ సేటు బిడ్డనే," అన్నాను.

రాఘవేందర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ లొల్లి మీరు సూస్కోండ్రి గానీ, చెల్లె, నీ అక్షరాలు కంప్యూటర్ల ఉన్నయంటివి గద? నాకియ్యి. మా బామ్మర్ది ఫ్లెక్స్ మిషిన్ పెట్టిండు. శంకర్‌పల్లి దాక అన్నీ ఫ్లెక్సులే కట్టిస్త. గోడలు రాసుడు, ఆరబెట్టుడు, ఎవరికి కావాలె?"

ఏడాదిన్నర నుంచి నేను ఎదురుచూసిన మొదటి బేరం అది. ఉగాదికి ఇంకా పదమూడు రోజులుంది. అబద్ధమెందుకు, నోరూరింది. ఊ అందామని పెదవి కదిలింది కూడా. ఎల్లేశ్ అప్పటికీ ఆ ఫిల్మును పట్టుకునే ఉన్నాడు.

"ఇయ్య. అవి ఆయనవే," అన్నాను.

"ఇందాక నీవంటివి. ఇప్పుడు ఆయనవి. రేపు ఇంకెవడో వచ్చి నావంటడు." రాఘవేందర్ చేతులు దులుపుకున్నాడు. "నోటీసులొచ్చే అక్షరాలు నా వెంచర్‌కే వద్దు. ఫ్లెక్సోడు వాని దగ్గరున్న అక్షరాలే ఏస్తడు. ఎల్లేశా, ఈ గోడతోని చాలు. రేపటి సంది రాకు."

ఒక మనిషి పని పోవడానికి ఎంత సేపు పట్టిందో చూడండి. ఇంకా ఇరవై రెండు గోడలు రాయాల్సి ఉందట. నేను నోరు తెరవకపోతే ఎల్లేశ్ వాటిని రాస్తూనే ఉండేవాడు.

ఆయన ఫిల్ములు సంచిలో సర్దుకుని షెడ్డు వెనక్కి పోయాడు. వెంట పోయాను. కిరసనాయిలు డబ్బాలో కుంచెలు కడుగుతున్నాడు. క్షమించమన్నాను. ఆయన ఇంకో కుంచె డబ్బాలో ముంచాడు. నాకు మళ్లీ కోపం వచ్చింది, తప్పు నాదైనా సరే.

"మీ దగ్గర ఉన్నవి యాభై అక్షరాలు. మిగిలిన వత్తులు, గుణింతాలు అన్నీ నేనే గీసిన. అవి నావి," అన్నాను.

"అయితే నీవి నువ్వు పెట్టుకో. నావి నాకియ్యి."

క తీసేస్తే కావత్తును దేనికి తగిలించాలి? ఆయనకూ అది తెలుసు.

"వెబ్‌సైట్‌ల మీ పేరు పెడత. పైననే పెడత. ఎల్లేశ్ గీసిన అక్షరాలు అని, అందరికి కనపడేటట్టు. ప్రపంచంల ఎక్కడున్నోళ్లన్న చూస్తరు," అన్నాను. అంతకంటే ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ పేరు పెట్టడమే నాకు పెద్ద త్యాగంలా తోచింది కూడా.

ఆయన కుంచె విదిలించాడు. పచ్చటి కిరసనాయిలు చుక్కలు నా చెప్పుల మీద పడ్డాయి.

"పెట్టకు," అన్నాడు. "నా పేరు పెడితే, నేనే ఇచ్చిన అనుకుంటరు."

సైకిలెక్కి పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికొచ్చి, సాయంత్రం వెబ్‌సైటు తెరిచాను. ఫాంటు పేజీ మొత్తం తీసేశాను. తలకట్టు గురించి రాసిన పేరా కూడా పోయింది. కింద కొట్టులోంచి నాన్న, ఎవరన్నా కొన్నారా అని కేకేశాడు. లేదన్నాను.

ఇప్పుడా వెబ్‌సైటులో మిగిలింది పైన నా పేరు ఒక్కటే. అది కూడా ఎల్లేశ్ అక్షరాల్లోనే ఉంది. మార్చి రాద్దామంటే నాకు వేరే అక్షరాలు రావు.