తోలు ఆరేలోపు

పటిక నీళ్లలోంచి కుందేలు తోలును తీసి పిండుతుంటే, "సబ్బుతోని చేతులు కడుక్కున్నంకనే బియ్యం ముట్టు" అంది అత్త భద్రమ్మ, వంటింటి గడపలోంచి. కడుక్కోకుండా సుకన్య ఎన్నడు ముట్టింది?

ఆ కుందేలును కొడుకు నిఖిల్ ముచ్చటపడి కొనిపించుకున్నాడు. వాడు హాస్టల్‌కు పోయాక దాని గడ్డీ, దాని పెంటికలూ సుకన్య వంతుకే వచ్చాయి. సుబేదారిలోని ఆ ఇంట్లో, మధ్యాహ్నాలు ఆమె మాట్లాడితే దగ్గరికొచ్చి కూర్చునేది అదొక్కటే. అది చచ్చిపోయిన పొద్దున ఆఫీసులో ఉన్న భర్త కుమారస్వామికి ఫోన్ చేస్తే, "చెత్తబండి పోయిందా? అండ్ల ఏసెయ్" అన్నాడు.

వేయలేదు. డిగ్రీలో జువాలజీ చదివేటప్పుడు, కాలేజీ మ్యూజియంలో గాజుపెట్టె లోపల తల తిప్పి చూస్తున్న ముంగిసను చూసింది. చచ్చిన జంతువుకు మళ్లీ రూపం కట్టే ఆ టాక్సిడెర్మీ నేర్చుకుంటానంటే, "ముందు పెండ్లి కానీ" అన్నారు పుట్టింట్లో. ఇన్నేళ్లకు ఫోన్లో వీడియోలు చూస్తూ మొదలుపెట్టింది. మొండి చాకుతో లోపలి పొర గీకుతూ పొట్ట దగ్గర తోలు చింపింది, సన్నదారంతో కుట్టింది. ఉప్పు పట్టించింది, పటికలో నానబెట్టింది.

"తోలుపని మన ఇంటా వంటా ఉన్నదా? నలుగురు వింటే ఏమనుకుంటరు!" అని అత్త. "చదువుకున్నదానివి, జర పనికొచ్చేదేమన్న చెయ్యరాదు?" అని భర్త. ఇంటిల్లిపాది ఎంగిలి గిన్నెలు తోముతున్నప్పుడు మాత్రం ఆమె చదువు సంగతి ఎవరికీ గుర్తురాదు.

పటికలోంచి తీసిన సాయంత్రం తోలు లోపలివైపు గుడ్డుసొన రాసి, పెరటి గట్టు మీద కూర్చుని సాగదీస్తూ నలపసాగింది. తడి ఆరేదాకా నలుపుతూనే ఉండాలి. ఆపితే అట్టలా బిగుసుకుపోతుంది, ఇక ఏ ఆకారం మీదా పరుచుకోదు. భద్రమ్మ వచ్చి పక్కన నిలబడింది. చాలాసేపు చూసి, రెండు వేళ్లతో బొచ్చు నిమిరింది.

"ఎంత మెత్తగున్నది బిడ్డా!"

సుకన్య జరిగి చోటిచ్చింది. ముసలామె కూర్చోబోయింది కూడా. అంతలో గేటు చప్పుడైంది. భద్రమ్మ చటుక్కున చెయ్యి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

"చూడు కొడుకా, ఎంత చెప్పినా ఇంటలేదు. నాకైతే కడుపుల దేవుతాంది."

ఆ మాటకన్నా, ఆ తుడుచుకోవడమే సుకన్యకు ఎక్కువ తగిలింది.

"ఇంకా గదే పనా? అవతల పారేసి అన్నం పెట్టు, ఆకలైతాంది" అన్నాడు కుమారస్వామి.

"ఇప్పుడు ఇడిసిపెడితే గట్టిపడ్తది" అంది సుకన్య తలెత్తకుండా. "కుక్కర్ల అన్నమున్నది, పెట్టుకోండ్రి."

అతను లోపలికి పోయాడు, వెనకాలే భద్రమ్మ. తల్లీకొడుకులు వడ్డించుకుని తినడం మొదలుపెట్టారు. నువ్వు తిన్నావా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా ఆ పిలుపు కోసం చెవి ఒగ్గలేదు. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా నలుపుతూ, కిటికీ వైపు తిరిగింది.

"అత్తమ్మా, రేపు దీన్ని నిలబెట్టి కుట్టేదున్నది. వంట నేను చెయ్య."