తలకిందుల కట్టు

కట్టు చివరి చుట్టు విప్పుతూ నర్సు ఉలిక్కిపడింది: మోకాలి కింద, ఉరి బిగించినట్టు లోతైన ఎర్రటి గాడి.

దాని కింద పిక్క మళ్ళీ కుండలా ఉబ్బింది. నర్సు వేలితో నొక్కింది. గుంట పడింది. పూడలేదు.

మంచం మీది కండక్టరమ్మ మోచేతుల మీద లేచి ఆ గుంట చూసింది. ఆ వాపు వల్లే బస్సు డ్యూటీ మానేసి ఏళ్ళయినా, ఇరుగుపొరుగుకి ఆమె ఇంకా కండక్టరమ్మే. కాల్లో నీరు లాగే నాళాలు మూసుకుపోతే, ఈమధ్యే డాక్టరు ఆపరేషన్ చేసి, మైక్రోస్కోపు కింద వాటిని వెంట్రుకకన్నా సన్నటి దారంతో సిరలకు కలిపి కుట్టారు. వాపు తగ్గింది. సోమవారం డ్యూటీలో చేరాలి.

"ఇలాగే ఉంటే ఆ కుట్టిన నాళాలు మళ్ళీ పూడుకుపోతాయి," అంది నర్సు. "మళ్ళీ కుట్టడానికి మంచి నాళాలు మిగల్లేదని డాక్టరుగారు ముందే చెప్పారు కదా!"

"పాత కాలు దయ్యమై పట్టుకుందేమో వదినా," అని మంచం పక్కన కూర్చున్న ఆడపడుచు నవ్వించబోయింది.

కండక్టరమ్మ నవ్వలేదు. నిద్రలో రోజూ ఆ పాత కాలే వచ్చి పక్కన పడుకుంటోంది, తడిసిన బస్తాలా. లేవబోతే మోకాలు పట్టి లాగుతోంది. నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

"కట్టు మీ ఆయనే కడుతున్నారా, ఇంకెవరైనానా?" అంది నర్సు.

"మా ఆయనే. దర్జీ కదా, బిగువు తప్పే చెయ్యి కాదమ్మా."

"నేననేదీ అదే." నర్సు గొంతు తగ్గించింది. "పాదం దగ్గర బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. ఆయనకి నేనే నేర్పాను. ఇది సరిగ్గా తలకిందులు. చేతకానివాడు ఇంత పొందిగ్గా తప్పు కట్టలేడు."

గుమ్మంలో నిలబడ్డ దర్జీ తల వాల్చేశాడు.

"అన్నయ్యా, నువ్వేనా?"

"ఏమండీ..." కండక్టరమ్మ కాలు దగ్గరికి లాక్కుంది.

అతను ఆమె మొహం చూడలేదు. కాలినే చూస్తూ అన్నాడు:

"నేనే. కాలు వాచకముందు నన్నొదిలి పోతానని పెట్టె సర్దావు. ఆ వారమే వాచింది, నువ్వు ఆగిపోయావు. ఇన్నేళ్ళూ కడిగాను, తుడిచాను, కట్టాను. నువ్వు నా భుజం పట్టుకుని నడిచావు. వాపు తగ్గుతుంటే నాకు చెమటలు పట్టేవి. నువ్వు పడుకున్నాక విప్పి, తిరగేసి కట్టేవాణ్ణి. రోజూ కొంచెం కొంచెం బిగువు పెంచాను, నీకు మెలకువ రాకుండా. నీకు కీడు చెయ్యాలని కాదే... నువ్వు నడిచి వెళ్ళిపోకూడదని."