నీళ్లు రాని ప్రెస్సు

ఫ్రీమాంట్‌లో తన ఇంటి వెనక గదిలో అద్దెకుంటూ చదువుకుంటున్న నైనిక కోసం విద్య ఆ వారమంతా కష్టాలు పోగుచేసింది. ఎనిమిదేళ్లుగా మొగుడి వీసా మీద, వర్క్ పర్మిట్ లేకుండా అమెరికాలో పప్పు తాలింపు పెడుతున్న మనిషి కనక, పర్మిట్ ఎలా అడగాలో ఆమెకు కంఠతా వచ్చు.

విజయవాడ సింగ్‌నగర్‌లో నైనిక నాన్న హనుమయ్యకు పెళ్లికార్డుల ప్రెస్సు ఉంది. బుడమేరు వరదలో మిషన్లన్నీ మునిగాయి. చెబితే పిల్ల చదువు పాడవుతుందని నాలుగు నెలలు దాచి, ఫీజు పంపలేకపోయాక చెప్పాడు. ఇంటి దగ్గర అనుకోని ఆపద వచ్చిన విద్యార్థులు బయట ఉద్యోగానికి అనుమతి అడగవచ్చు. ముందు కాలేజీ అడ్వైజర్ నమ్మి సిఫార్సు చేయాలి. చేస్తే ఫీజుకి గడువిస్తారు. శుక్రవారంలోగా చేయకపోతే చదువు ఆగినట్టే.

నష్టానికి రుజువుగా విద్య హనుమయ్యను అడిగిన ఫొటోలూ ఉత్తరమూ బుధవారం వచ్చాయి. గోడలకు కొత్త సున్నం, గుమ్మానికి మామిడాకులు, తుప్పు పట్టిన మిషన్లకు రంగు వేసి పసుపు కుంకుమలు. మధ్యలో ఇస్త్రీ చొక్కాలో హనుమయ్య. బంగారు అంచు కాగితం మీద ఇంగ్లీషులో, దైవకృప వల్ల అందరం క్షేమమనీ, కొద్దిగా నీరు వచ్చిందనీ.

“మీ నాన్న పెళ్లిచూపులకి తయారైనట్టున్నారే!” అంది విద్య.

నైనిక ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. “ఇదేం ఫొటో నాన్నా?”

“అమెరికా ఆఫీసువాళ్లు చూసేది కదమ్మా. బురదలో నిలబడి దిగితే నీ పరువేంగాను?”

“అన్నయ్యగారూ, మాకు ఆ బురదే కావాలండీ,” అంది విద్య. “వరద నష్టం జాబితాలో మీ పేరుందా?”

“రాయించలేదమ్మా. ఫొటోలు కూడా అప్పుడే చెరిపేశాను. ఏ వాట్సాప్ గ్రూపులోంచో పిల్ల కంట పడితే?”

ఉన్నవాటికి విద్య రెండు పేజీల కన్నీళ్లు జోడించి అడ్వైజర్‌కి పంపింది. గురువారం అడ్వైజర్ మర్యాదగా జవాబిచ్చింది. సెప్టెంబరులో వరద గురించి తను అడిగినప్పుడు, మా వీధికి నీళ్లు రాలేదని నైనికే రాసిందట. ఫొటోలూ అలాగే ఉన్నాయట. సిఫార్సు చేయలేదట.

“నాన్న చెప్పిందే రాశానాంటీ,” అంది నైనిక.

శుక్రవారం సాయంత్రం హనుమయ్యే ఫోన్ చేశాడు. “ఫొటో నచ్చిందా తల్లీ వాళ్లకి?”

నైనిక అటక మీంచి సూట్‌కేస్ దించుతోంది. “చాలా బాగుందన్నారు నాన్నా. పర్మిషన్ వచ్చేస్తుంది. నువ్వేం కంగారుపడకు.”

అచ్చం తండ్రి గొంతే. విద్య గుడ్డ తెచ్చి సూట్‌కేస్ దుమ్ము తుడిచింది. ఆ పనికి పర్మిట్ అక్కర్లేదు.