మొదటి బొక్కెన

నేను ఒక ఇనప బొక్కెనను. ఏళ్ళుగా నాలో ఒక సందేహం ఉంది. కాపాడమని దేవుడు చేతికిచ్చినదాన్ని పాడుచేసుకుని, అందులోంచి వచ్చిన దానితోనే కృతజ్ఞతార్పణ చెల్లిస్తే ఆయన పుచ్చుకుంటాడా? చర్చిలో కృతజ్ఞతా కూడిక జరిగిన రోజు పాటలన్నీ విన్నాను. జవాబు మాత్రం వినపడలేదు.

తారు డ్రమ్ము రేకుతో కమ్మరి నన్ను చేశాడు. కొన్నది బర్నబాసు. సముద్రానికి రెండు మైళ్ళ దూరంలో క్రైస్తవుల పాలెం వాళ్ళది. చర్చి ఆవరణలో బావి తవ్వుతున్న ఎండాకాలం. నేను మొదట మోసింది నీళ్ళు కాదు, మట్టి. ముప్పై అడుగుల లోతున బర్నబాసు సొమ్మసిల్లితే తాడు కట్టి పైకి లాగారు. పాలెంలో తాగడానికి చుక్క లేదు. ఇసుక దిబ్బ అవతల యానాది గుడిసెల నుంచి పెంచలమ్మ పరుగెత్తుకొచ్చింది. పొద్దుటి నుంచి చెలమలో ఊరిన నీళ్ళు, గంజికి దాచుకున్నవి, కుండెడూ అతనికే పట్టింది.

"బావి పడనీ అక్కా, మొదటి బొక్కెన నేనే మోసుకొచ్చి నీ కుండలో పోస్తా" అన్నాడు బర్నబాసు, కళ్ళు తెరిచాక.

నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. మొదటి బొక్కెన ప్రార్థనకి పోయింది, రెండోది విందు వంటకి. ఆ తర్వాత బర్నబాసు సంఘపెద్ద అయ్యాడు. సంఘపెద్ద దిబ్బ దాటి యానాది గుడిసెకి నీళ్ళు మోయడమేమిటని ఎవరూ అనలేదు. అతనికే అనిపించింది. పెంచలమ్మ రోజూ బావికి వచ్చి తోడుకునేది గానీ, ఆ బాకీ వదల్లేదు.

"ఇది నేను తోడుకున్నది. నువ్వు తేవాల్సింది అట్లాగే ఉంది అబ్బయ్యా" అని నవ్వేది.

"నీళ్ళెక్కడికి పోతాయక్కా" అనేవాడు.

చర్చికి నాలుగెకరాల పొలం ఉండేది, విధవరాళ్ళ తిండిగింజల కోసం ఎవరో పుణ్యాత్ములు ఇచ్చింది. పైకప్పు కురుస్తోందని సంఘం కూర్చుని ఆ పొలాన్ని రొయ్యల చెరువులకి కౌలుకిచ్చింది. మొదటి సంతకం బర్నబాసుది. ఆ కౌలు డబ్బుతో స్లాబు పడింది. దాన్ని తడపడానికి ఇరవై రోజులు నీళ్ళు మోసింది నేనే. కృతజ్ఞతా కూడికలో అందరూ మోకాళ్ళ మీద ఉండగా, గోడ అవతల చెరువుల్లోకి ఉప్పునీళ్ళు తోడే మోటార్ల చప్పుడు నాకు వినపడుతూనే ఉంది.

మూడో ఏటికి బర్నబాసు ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది. పొయ్యి తప్పేమో అనుకుంది అతని భార్య దీనమ్మ. కట్టెలు మార్చింది. చివరికి నాలోని బావినీళ్ళు పుక్కిట పట్టి, ఉప్పన్నాయని ఉమ్మేసింది. అది విన్న బర్నబాసు ఆ పూట అన్నం ముట్టలేదు. దేవుడు అప్పగించినదాన్ని కాపాడాల్సిన గృహనిర్వాహకుల గురించి తాను చేసిన ప్రసంగాలు గుర్తొచ్చాయో ఏమో, ఆదివారం ప్రసంగం వేరేవాళ్ళకి వదిలేశాడు.

ఇప్పుడు ట్యాంకరు వస్తుంది, ఇంటికి రెండు బిందెలు. దిబ్బ అవతలికి బండి పోదు. అక్కడి యానాదులు ఆ ఉప్పు బావి నీళ్ళే తాగుతున్నారు. పెంచలమ్మ కాళ్ళు వాచి మంచం పట్టిందని తెలిసింది.

మరునాడు బర్నబాసు తన వంతు బిందె ఒకటి నాలో వంపాడు. నా అడుగున చిల్లి ఉంది. సబ్బు ముక్క అద్ది, కింద అరచెయ్యి పెట్టి, డెబ్బై ఏళ్ళ మనిషి పట్టపగలు అందరూ చూస్తుండగా ఇసుకలో నడిచాడు.

"నీ మొదటి బొక్కెన అక్కా."

ఆమె లోటాతో తాగింది. "తియ్యగా ఉన్నాయి. మీ బావివేనా?"

అవునంటే ఆమె సంతోషించేది.

"కాదక్కా. ఆ బావిని నేనే చెడగొట్టా."

పెంచలమ్మ మిగిలిన నీళ్ళు చూపించి, కుండలో పొయ్యమంది.

"మోసుకొచ్చావుగా అబ్బయ్యా. తీరింది, పో."