తిరుపాలమ్మ దండెం మీది చొక్కా

తిరుపాలమ్మ పొద్దున్నే వాకిట్లో కల్లాపి చల్లి, ముగ్గేసి, దేవుని పటానికి దండం పెట్టుకొని, ఆనక మొగుని చొక్కా ఉతుకుతుంది. ఇరవైరెండేండ్లుగా ఇదే వరస. జమ్మలమడుగు బస్టాండులో ఆమె మొగుడు బాలన్న మీద నాటుబాంబులేసి, పడిపోయినాక వేటకొడవళ్లతో నరికినారు. ఆనాటి చొక్కా పెట్టెలో ఉన్నా, దండెం మీదున్నా, తెల్లారేసరికి పచ్చినెత్తుటితో తడిసి ఉంటుంది.

"ఏంది వదినా, ఈ పొద్దు మా అన్న శానా కారినాడే!" అంటుంది పక్కింటి సైదాబీ గోడ మీదుగా బకెట్టు చూసి.

"ఎండలు గదా, ఉడుకెక్కినాడు" అని నవ్వుతుంది తిరుపాలమ్మ.

ఫ్యాక్షన్లో మనిషిని పోగొట్టుకున్న ఇండ్లలో పగ తీరేదాకా నెత్తుటి చొక్కా ఉతకరు. బిడ్డలకు చూపించి పెంచుతారు. తిరుపాలమ్మ మొదటినాడే సబ్బు పెట్టింది. ఈ చొక్కా పేరు చెప్పి ఇంకొక తల తెగకూడదని గండి ఆంజనేయస్వామికి మొక్కుకుంది.

నరికినోళ్లను కండ్లారా చూసినవాడు ఆమె మరిది ఎర్రన్న ఒక్కడే. భయంతో సాక్ష్యం చెప్పలేదు, కేసు కొట్టేసినారు. అతను ఊరిడిచి, పొద్దుటూరులో పేరు మార్చుకొని జంపఖానాలు అమ్ముకుంటున్నాడు.

ఫేస్‌బుక్కులో తిరుపాలమ్మ మాదిరే మొగుళ్లను పోగొట్టుకున్న ఆడోళ్ల గుంపు ఒకటి ఉంది, మూడువందల మంది. అరుగు మీద కూచొని చెప్పుకున్నట్టే అందులో చెప్పుకుంటారు. ఒకనాడు మనసు బరువెక్కి ఆమె రాసింది: "చూసిన కండ్లు రెండు పొద్దుటూరులో జంపఖానాలు మడతేసుకుంటా బతుకుతాండాయి."

ఆ మాట, అట్లాంటి ఆడోళ్ల బతుకుల మీద పరిశోధన చేసే సిరాజుద్దీన్ కంటపడింది. మెతకవాడు. 'అందరికీ కనపడేదే గదా, అడిగే పనిలేదు' అన్నారు అతని పైవాళ్లు. అతను పేరు తీసేసి 'మహిళ-7' అని పెట్టినాడు. మాట మాత్రం బాగుందని ఉన్నదున్నట్టు తన వ్యాసంలోకి దించినాడు. వ్యాసం నెట్టులోకెక్కింది.

బాలన్నను నరికించినోడు ఆ ఏడు పార్టీ టిక్కెట్టు కోసం తిరుగుతున్నాడు. తన పాత కథలు ఎవరు రాసినా వెతికి చదివే మనుషులు అతనికి ఉన్నారు. వాళ్లు ఆ వాక్యాన్ని ఫోన్లో కొట్టి వెతికితే తిరుపాలమ్మ ఫోటో పైకొచ్చింది. మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు.

పట్టపగలు ఎర్రన్న అంగట్లో రెండు బాంబులు పడినాయి. పొగలోంచి మోకాళ్ల మీద పాకుతూ వచ్చినవాణ్ని వాకిట్లోనే నరికినారు. జంపఖానాలు నెత్తురు తాగి బరువెక్కినాయి. వాటి నడుమ దొరికిన కాగితంలో మహిళ-7 మాట కింద ఎర్రగీత ఉంది.

మూడోనాడు సిరాజుద్దీన్ తిరుపాలమ్మ గడపలోకొచ్చి నిలబడినాడు. "అమ్మా, పేరు తీసేసినా..."

"పేరు తీస్తే గొంతు పోతాదా నాయనా?" అందామె మెల్లగా.

"ఒక్కమాట అడిగింటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయారా?" అని అరిచింది సైదాబీ.

దినాలకు వచ్చి ఉన్న ఎర్రన్న కొడుకు సిద్దయ్య లోపలి నుంచి కొడవలితో వచ్చినాడు. "సంపినోళ్లు తర్వాత. మొదట దోవ చూపించినోడు!" తొలివేటు సిరాజుద్దీన్ భుజంలో దిగింది. ఎముక తెల్లగా కనపడింది. రెండో వేటు ఎత్తేలోపల తిరుపాలమ్మ దండెం మీది తడిచొక్కా లాగి సిరాజుద్దీన్‌కు కప్పింది.

భుజం నుంచి కారే నెత్తురు అట్లే నిలిచిపోయింది.

"పక్కకు జరుగు పెద్దమ్మా!"

"ఎయ్యి. మీ పెదనాయన చొక్కా మీదే ఎయ్యి" అందామె. "రేపట్నుంచి వీళ్లమ్మ గూడా నా మాదిరే ఉతుక్కుంటాది."

సిద్దయ్య చేయి దిగలేదు. కొడవలి కిందపడింది. వాడు దాని పక్కనే కూలబడి ఏడ్చినాడు.

మరుసటి పొద్దు నుంచి తిరుపాలమ్మ దండెం ఖాళీ. ముగ్గేసినాక ఏం చేయాలో తోచక కొన్నాళ్లు అరుగు మీద ఊరికే కూచుంది.

సిరాజుద్దీన్ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు తనకాడ తెల్లారేసరికి తడిసే ఆ చొక్కాను ఉతికి, తడిదే తొడుక్కొని బస్సెక్కుతాడు. కొండాపురం కాలనీలోనో, పులివెందుల సందులోనో ఆ గుంపులోని ఇంకొకామె గడప ముందు నిలబడి అడుగుతాడు:

"అమ్మా, మీ మాటొకటి అడగకుండా తీసుకపోయినా. నాకాడ ఉంచుకోమంటారా, ఇచ్చేయమంటారా?"