తాళం బయట పేరు

నా భార్య కడుపుతో ఉన్న సంగతి నాకంటే ముందు ఆమె ఆఫీసుకు తెలిసింది. ఆమె చెప్పలేదు. వాళ్లే చదువుకున్నారు. చదివి నవ్వుకున్నారు. ఇందులో వాదించడానికేమీ లేదు.

ఆమె చేసే పని ఏమిటో నేను వంటగదిలోనే నేర్చుకున్నాను. నేను బస్సు నడిపేవాణ్ణి, చదువు ఊరి బడితో సరి. కూరగాయలు తరుగుతూ చెప్పేది, నా బుర్రకెక్కేదాకా చెప్పేది. వాళ్ల ఆఫీసు తయారుచేసే దాంట్లో మనం దాచుకున్న ఫైలు ముక్కలై ఎన్నో మిషన్లలో పడి ఉంటుంది, మనకు మాత్రం ఒకే బీరువాలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఫోల్డర్‌కు తాళం వేసుకోవచ్చు. వేస్తే లోపలి రాత, ఫైళ్ల పేర్లు అన్నీ పిచ్చి అక్షరాలైపోతాయి, కీ ఉన్నవాళ్లకు తప్ప. స్నాప్‌షాట్ అని ఇంకొకటుంది. ఇవాళ ఫోల్డర్ ఎలా ఉందో అలాగే ఫొటో తీసినట్టు నిలబెట్టి ఉంచడం. దానికి మనమే ఒక పేరు పెట్టుకోవాలి.

మన సరుకు మనమే వాడి చూడాలి, సొంతదనుకుని వాడండి అని ఆఫీసులో ఒక్కొక్కరికీ ఒక ఫోల్డర్ ఇచ్చారు. ఆమె సొంతదే అనుకుంది. ఇంట్లో ఆమెకు సొంతమన్నది లేదు. ఆమె బీరువా మా అమ్మ సర్దేది. ఆమె ఫోను మా అక్క తీసి చూసేది, "మన మధ్య దాపరికాలేంటే" అంటూ. ఉన్నవి రెండు గదులు, మధ్య పల్చటి తలుపు. నాకు చెప్పిన మాట పొద్దున్నకల్లా అందరి నోళ్లలో ఉండేది. అందుకని డాక్టరు కాగితాలు, తనలో తాను అనుకున్న మాటలు ఆ ఫోల్డర్‌లో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత రెండుసార్లు కడుపు నిలవలేదు. ప్రతిసారీ ఒక స్నాప్‌షాట్ తీసింది, అప్పటి తన దగ్గరికి మళ్లీ వెళ్లాలనిపిస్తే వెళ్లడానికి. 'స్కాన్‌కు ముందు.' 'రెండోది పోయాక.' చివర 'మూడో ఆశ.'

ఒకరోజు మేనేజరు పిలిచాడు. "కొత్త ప్రాజెక్టు వేరేవాళ్లకు ఇచ్చానమ్మా. ఈ టైములో నీకెందుకు శ్రమ" అన్నాడు. ఏ టైములో అని ఆమె అడగలేకపోయింది. టీ గదిలోకి వెళ్తే, మిషన్లు చూసుకునే ఇద్దరిలో ఒకడు మాట ఆపేశాడు. రెండోవాడు ఆపలేదు.

"రండి మూడో ఆశ గారూ. చక్కెర తగ్గించమంటారా?"

ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ, కొళాయి కట్టకుండా అలాగే నిలబడిపోయింది. అప్పుడేమనుకుందో తర్వాత నాకు చెప్పింది. ఈ తాళం తయారుచేసినవాళ్లు లోపలిదంతా మూసి, తాళం బయట చీటీ అంటించి వదిలేశారు. ఫైలు పేరు దాచాలని తోచినవాళ్లకు స్నాప్‌షాట్ పేరు దాచాలని తోచలేదు. ఎందుకు తోస్తుంది, వాళ్లు పెట్టుకునే పేర్లు సోమవారం, మంగళవారం. ముందూ వెనకా అని బతుకు రెండుగా చీలే రోజు వాళ్ల ఒంటికి రాదు. ఇక్కడ అత్తగారు నేను తిన్న ముద్దలు చూసి చదువుతుంది, బాత్రూములో ఎంతసేపున్నానో చూసి చదువుతుంది, నా ముఖం సరేసరి. ఎవరూ చదవనిది ఒక్కటి మిగిలిందనుకున్నాను. దాన్ని అక్కడ ఇద్దరు మగాళ్లు టీ తాగుతూ చదివారు. ఇప్పుడు నేను ఏడవాలన్నా చోటు లేదు, ఏడిస్తే దానికీ ఒక పేరు పెడతారు.

"నీళ్లు ఊరికే పోతున్నాయి" అంది మా అమ్మ అవతలి గదిలోంచి. "జీతం తెచ్చే చేతులు కొళాయి కట్టవా?"

మర్నాడు మీటింగులో ఆమె, పేరుకు కూడా తాళం పడాలి అంది.

"పేరులో ఏముందమ్మా" అన్నాడు మేనేజరు. "సరుకు లోపల భద్రంగానే ఉందిగా. తీరికుంటే చెయ్యి."

తీరిక. ఆ తీరిక ఆమెకు పొయ్యి పక్కన దొరికింది, కూర ఉడికే లోపల. దానికి జీతం లేదు. ఫోల్డర్ కీతోనే స్నాప్‌షాట్ పేరునూ మూసింది. కానీ పై ఫోల్డర్‌లో తీసిన స్నాప్‌షాట్ కింది ఫోల్డర్లన్నిటిలోనూ కనిపిస్తుందట, అదే పేరు, వెనక ఒక నంబరు తగిలించుకుని. పైన మూసి కింద మరిచిపోతే మూసినట్టే కాదు. "కోడలికి అత్తింటి పేరు తగిలించినట్టు" అంది. "ఏ గదిలోకి వెళ్లినా వెంట వస్తుంది." కిందా మూసింది.

అంతా అయ్యాక మేనేజరు మెచ్చుకున్నాడు. "మావాళ్లు చూసుకోడానికి ఒక చిన్న దారి మాత్రం ఉంచు. రేపేదైనా తేడా వస్తే ఏది ఏదో తెలియాలిగా."

"ప్రతి స్నాప్‌షాట్‌కూ నంబరుంది కదండీ. నంబరుతో వెతకొచ్చు, తీసెయ్యొచ్చు. పేరుతో మీకు పనేంటి?"

"ఇంత పట్టుదల ఒంటికి మంచిది కాదమ్మా. ఈ టైములో."

"ఏ టైములో?"

ఈసారి అడిగింది. ఆయనేమో, పేర్లన్నీ మూయించడం తన ఆలోచనేనని అప్పటికే పైవాళ్లకు గొప్పగా చెప్పుకుని ఉన్నాడు. ఇప్పుడు కన్నం పెడితే వాళ్లు ఎందుకని అడుగుతారు. ఆమె దారి పెట్టలేదు. ఆయన పెట్టించలేకపోయాడు.

మూడోదీ నిలవలేదు. ఆమె ఆఫీసుకు వెళ్లి ఒక స్నాప్‌షాట్ తీసి, దానికి తన మనసుకు తోచిన పేరు పెట్టింది. తర్వాత టీ గదిలోకి వెళ్లి కూర్చుంది. ఎవడూ మాట ఆపలేదు, ఎవడూ తల దించుకోలేదు. "ఇవాళ నన్ను ఎవరూ చదవలేదు" అంది నాతో, కళ్లు తుడుచుకుంటూ. ఆ ఇంట్లో ఆమె ముఖం అంత తేలికపడగా నేను చూసింది ఆ ఒక్కసారే.

నిరుడు ఆమె పోయింది. జబ్బు వేరే. ఆఫీసువాళ్లు ఆమె ఫోల్డర్‌ను ఒక డిస్కులో ఎక్కించి పంపారు. మా అక్క దాన్ని కంప్యూటరుకు పెట్టింది. పైనుంచి కిందిదాకా పిచ్చి అక్షరాలు.

"తెరువురా. కీ నీకు చెప్పే ఉంటుంది."

"మన గురించి కాకపోతే అంత తాళమెందుకు?" అంది మా అమ్మ.

నాకేం చెప్పలేదు అన్నాను. అబద్ధం. ఆస్పత్రిలో దగ్గరికి రమ్మని కీ చెవిలో చెప్పింది. డిస్కు పీకి పెట్టెలో పెట్టాను. ఆఖరి దానికి ఏం పేరు పెట్టిందో నాకు తెలియదు, తెలుసుకోను. ఇక ఈ మాట నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను.