అంచు మీద జ్ఞానాంబ కోత

పుస్తకంలో నంబరు పడితే నాణెం, పడకపోతే బిళ్ళ. నాణేలు దాచుకునేవాళ్ళ లోకం ఇంతే. ఆ నంబరు వేసేది చెన్నైలో ఉన్న నమోదు మండలి. ఒకే ఏడాది, ఒకే విలువ ఉన్న నాణేల్లో అచ్చులో ఏదైనా తేడా కనబడితే, దాన్ని వేరే రకంగా ఒప్పుకోవాలా వద్దా అని ముగ్గురు కూర్చుని తేలుస్తారు. ఒప్పుకున్నారంటే నలభై రూపాయల బిళ్ళ మరుసటి రోజుకు వేలు పలుకుతుంది. ఆ ముగ్గురిలో ఒకడు తిరుపతిలో నాణేల అంగడి నడిపే ధనంజయ. రకం తేల్చేవాడే అమ్మేవాడు. ఇదేం న్యాయమని ఎవరూ అడగలేదు. గిరిప్రసాద్ కూడా అడగలేదు, మొదట్లో.

గిరిప్రసాద్‌ది ఐరాల. నాలుగెకరాల మామిడి తోట, నాణేల పిచ్చి. వాళ్ళమ్మ జ్ఞానాంబ పోతూ నూట ఎనిమిది ఇత్తడి బిళ్ళలు వదిలిపోయింది. ఒకప్పటి ఇరవై పైసలు. తామరపువ్వు, దాని పైన సూర్యుడు. శ్రావణ శుక్రవారం లక్ష్మీపూజకు అవే కావాలి. వీధిలో నాలుగైదు ఇళ్ళవాళ్ళు వాటిని అడిగి తీసుకుపోయి, పూజ చేసుకుని, తిరిగి ఇచ్చేవాళ్ళు. ఒకరివి ఒకరివాటిలో కలిసిపోతున్నాయని జ్ఞానాంబ ఆకురాయి తీసుకుని ప్రతి బిళ్ళ అంచుకూ ఒక కోత పెట్టింది. సరిగ్గా తామర కాడ కింద, ఏటవాలుగా. ఆమెది ఎడమచేతి వాటం. కోత కూడా అటే వాలింది.

మూడేళ్ళ కింద పూజకు ముందు గిరిప్రసాద్ భార్య మునిలక్ష్మి బిళ్ళలన్నీ చింతపండుతో తోమి ఎండలో ఆరబెట్టింది. గిరిప్రసాద్ భూతద్దం పట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిది బిళ్ళల మీద సూర్యుడికి ఒక కిరణం తక్కువ. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. తొమ్మిదిలో మంచిది ఒకటి ఏరి, దరఖాస్తు రాసి, ధనంజయ చేతిలో పెట్టి మండలికి పంపించాడు.

ఆరు నెలలకు జవాబు వచ్చింది. కిరణం లేకపోవడం అచ్చు అరుగుదల మాత్రమే, రకం కాదు. పైగా నాణెం కడిగినది, అంచు దెబ్బతిన్నది. కింద మండలి ముద్ర. నాణేన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి తిప్పి పంపారు. కాదన్న నాణేన్ని మళ్ళీ చూడబుద్ధి కాక గిరిప్రసాద్ దాన్ని అలాగే భార్యకు ఇచ్చేశాడు. డబ్బా పగలగొట్టనివ్వలేదు, మండలి సీలంటే అతనికి అంత గౌరవం. ఆమె డబ్బాకే పసుపు రాసి, కుంకుమ పెట్టి, మిగతా నూట ఏడింటి పక్కన ఉంచింది. ఏటా లెక్కపెట్టింది. నూట ఎనిమిదీ ఉన్నాయి. లెక్క సరిపోయింది కాబట్టి ఎవరూ లోపలికి చూడలేదు.

ఆ తర్వాతే ధనంజయ మనిషి మోపెడ్ మీద ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాడు. వడమాలపేట, కార్వేటినగరం, ఐరాల. పాత ఇత్తడి బిళ్ళలిస్తే నూట ఎనిమిది కొత్త లక్ష్మీ బిళ్ళలు, బంగారు పూత వేసినవి, ఊరికే మార్చి ఇస్తాడట. ఆడవాళ్ళు చాలామంది మార్చుకున్నారు. రకమే కాదన్న బిళ్ళ కోసం ఇంత తిరుగుడెందుకని గిరిప్రసాద్‌కు మొదటిసారి అనుమానం వచ్చింది.

ఈ ఏడు జూన్‌లో అనుమానం తీరింది. మండలి కొత్త పట్టికలో పద్నాలుగో నంబరు: కిరణం తక్కువ రకం. కనిపెట్టినవాడు ధనంజయ. ధర పద్దెనిమిది వేలు. పక్కన ఆ రకాన్ని తేల్చిన మొదటి నమూనా ఫోటో. గిరిప్రసాద్ ఫోనులో దాన్ని పెద్దది చేసి చూశాడు. భార్యకు చూపించాడు. ఆమె ఎక్కువసేపు చూడలేదు.

"ఇది అత్త కోత," అంది.

లేచి వెళ్ళి పచ్చడి బండ తెచ్చి డబ్బా మీద ఒక్కటి వేసింది. రెండేళ్ళ కుంకుమ కింద నుంచి బిళ్ళ బయటపడింది. అంచు నున్నగా ఉంది. సూర్యుడికి కిరణాలన్నీ ఉన్నాయి.

తిరుపతిలో నాణేలవాళ్ళు నెలకోసారి ఆదివారం కలుస్తారు, బస్టాండు దగ్గర నరేంద్ర లాడ్జి హాల్లో. ఆ నరేంద్రే లక్షా ఎనభై వేలు పోసి మొదటి నమూనాను కొన్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వెళ్ళారు. నలభై మంది దాకా ఉన్నారు. మునిలక్ష్మి ధనంజయ బల్ల మీద నున్న అంచు బిళ్ళ పెట్టింది.

"ఇది మాది కాదు. మాది మాకిచ్చేయప్పా."

ధనంజయ నవ్వాడు. అంచు మీద కోత యాడైనా పడతాదన్నాడు, బస్సులో పడతాది, సంతలో పడతాది, కోత చూసి మాదంటే ఎట్లా అన్నాడు. ఆమె సంచి విప్పి నూట ఏడూ బల్ల మీద కుమ్మరించింది.

"సూడు. నాలుగు వేరే వేరే ఏండ్లలో కొట్టిన బిళ్ళలు ఉండాయి ఇందులో. అన్నిటికీ ఒకే సోట, ఒకే వాలు. బస్సులో పడిందా?"

ధనంజయ ఒక బిళ్ళ తీసి ఇటూ అటూ తిప్పాడు. నాణేలు కొట్టే చోటే పెట్టిన కోత కావచ్చు, పరిశీలించాలి అన్నాడు. నరేంద్ర తన నమూనా ఉన్న పెట్టె మూసి తాళం వేసుకున్నాడు.

కుప్పయ్య అని రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన గిరిప్రసాద్‌ను మెట్ల దగ్గరికి లాక్కుపోయాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నేను మూడు కొన్యాను నాయనా, పద్నాలుగో నంబరు. ఉద్యోగం దిగినాక వచ్చిన దుడ్డు. ఫోటోలోది దొంగదని తేలితే నంబరు పీకేస్తారు. నీ ఎనిమిదీ మట్టే గదా? నోరు మూసుకో. అందరం బతుకుతాం."

హాల్లో అందరి మొహాల మీదా అదే మాట ఉంది. దొంగ ఎవరో నలభై మందికీ తెలుసు. నలభై మందీ ధర వైపే నిలబడ్డారు.

ఇరవై రోజులకు పట్టికలో కొత్త వరుస చేరింది. అంచు కోత ఉపరకం, టంకశాలలో పరీక్ష కోసం పెట్టిన కోతగా భావించబడుతోంది, ధర పాతికవేలు. అప్పట్లో దెబ్బతిన్న అంచు అని రాసిన మండలే ఇది. అదే ముద్ర.

మరునాడు ధనంజయ కారులో ఐరాల వచ్చాడు, చేతిలో పళ్ళ సంచి. నూట ఏడూ తానే తీసుకుంటానన్నాడు, ఒక్కోటి పన్నెండు వేలకు. పట్టికలో కనిపెట్టినవాడి పేరు గిరిప్రసాద్ అని మార్పిస్తానన్నాడు. ఆ మాటకు గిరిప్రసాద్ తల ఎత్తాడు. మూడేళ్ళుగా అతనికి కావాల్సింది అదే, అది ధనంజయకూ తెలుసు.

"మరి మా అమ్మది? నరేంద్ర దగ్గర ఉండేది?"

"అది రికార్డు అబ్బా. ఆ ఒక్కటీ అడగొద్దు."

గిరిప్రసాద్ అతన్ని శుక్రవారం రమ్మని పంపించాడు. ఆ సాయంత్రమే చిత్తూరు పోయి ఇనుప సామాన్ల అంగట్లో మూడు ఆకురాళ్ళు కొన్నాడు.

శుక్రవారం పొద్దున, మోపెడ్ మనిషికి బిళ్ళలు ఇవ్వని ఇళ్ళవాళ్ళంతా సంచులు తీసుకుని వచ్చారు. ఎదురింటి లోకేశ్వరి ముందు కూర్చుంది. గిరిప్రసాద్ ఆకురాయి ఆమె ఎడమ చేతికిచ్చి, కాడ కింద ఎట్లా పెట్టాలో, ఎంత వాలాలో చూపించాడు. ముందు తన చేత్తోనే ఒకటి కోశాడు. మండలికి తెలిసిన కోత ఒక ఇంటిది. ఇప్పుడు వీధి మొత్తానిది అయింది. లోకేశ్వరి, మా ఆయన జేబులో రూపాయి బిళ్ళలకూ పెట్టేస్తా, వాటికీ నంబరిస్తారేమో అడగండి అంది. అందరూ నవ్వారు. కోసినవన్నీ చింతపండుతో తోమారు, జ్ఞానాంబవి కూడా. కొత్త కోత, పాత కోత ఒకే తీరున మెరిశాయి.

పదింటికి ధనంజయ వచ్చాడు. వాకిట్లో చాప మీద వందల బిళ్ళలు పసుపచ్చగా ఎండుతున్నాయి. ఒకటి తీశాడు. ఇంకొకటి తీశాడు. భూతద్దం పెట్టాడు.

"వీటిల్లో మీ అమ్మవి యావి?"

"నువ్వు సెప్పాల," అన్నాడు గిరిప్రసాద్. "రకాలు తేల్సేది నువ్వు గదా."

లోకేశ్వరి కూతురు ఆ చాపను ఫోటో తీసి పెట్టింది. సాయంత్రానికి అది నాణేలవాళ్ళ వాట్సాప్ గుంపులన్నిటికీ చేరింది. వారం తిరక్కముందే కోత రకాన్ని కొనేవాడు లేడు. మొదటి నమూనాకూ అదే కోత కాబట్టి దాన్ని అడిగేవాడూ లేడు. పద్నాలుగో నంబరును మండలి పట్టికలోంచి చప్పుడు లేకుండా తీసేసింది. గిరిప్రసాద్ పేరు ఎక్కడా పడలేదు. కుప్పయ్య ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాడు. గిరిప్రసాద్ అంతా విన్నాడు. తిట్టాల్సింది తిరుపతిలో ఉన్నవాణ్ణి గదన్నా అన్నాడు, అంతే.

శ్రావణం వెళ్ళకముందే నరేంద్ర ఐరాల వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. ధనంజయ అంగడి మూసి ఉందట, ఫోను ఎత్తడట. కొత్త సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బా తీసి మునిలక్ష్మి ముందు పెట్టాడు. మీ అత్తగారిదేనమ్మా, నాకొద్దు, తీసుకోండి అన్నాడు.

ఆమె చెయ్యి చాపలేదు.

"కూర్చో అన్నా," అంది. లోపలికి వెళ్ళి పచ్చడి బండ తెచ్చింది.